కిలిమంజారో శిఖరమునకు దారులు

ఆఫ్రికా ఖండమున తూర్పుభాగమందు, భూమధ్యరేఖకు దక్షిణముగా మూడు డిగ్రీల దూరమున, టాంజానియా దేశమునందు కిలిమంజారో యను మహాపర్వతము కలదు. ఆ ఖండమున నింతకంటె నెత్తైనది మరియొకటి లేదు. దీని శిఖరము సముద్రమట్టమునకు 5,895 మీటర్లు, అనగా సుమారు 19,340 అడుగుల యెత్తున నున్నది. మన తూర్పుకనుమలలోని యున్నతశిఖరములు 1,700 మీటర్లకు మించవు. అట్టివి మూడింటిని ఒకదానిపై నొకటి నిలిపినను కిలిమంజారో కొన నందుకొనజాలవు. హిమాలయములవలె నిది యొక పర్వతపంక్తిలోనిది గాదు. ఎండకు మాడు మైదానము నడుమ నొంటిగా లేచి నిలిచిన యగ్నిపర్వతము.

ఏటేట పదులవేల జనులు ఈ పర్వతము నెక్కబూనుచున్నారు. సామాన్యమార్గములలో దీని నెక్కుటకు త్రాళ్లు, మంచుగొడ్డండ్లు మొదలగు సాధనము లక్కరలేదు, ఆద్యంతము నడకయే. అయినను శిఖరము చేరకయే మరలివచ్చువారు అనేకులు. కొందరు ప్రాణములనే కోల్పోవుచున్నారు. బలవంతుడగు యువకుడు నడుమ కూలబడుటయు, అతనికంటె బలహీనుడు మెల్లగా నడచి శిఖరము చేరుటయు అచ్చట తరచుగా జరుగు సంగతి. ఇందులకు హేతువు చాలవరకు వారెన్నుకొనిన దారియందును, ఆ దారికి కేటాయించుకొనిన దినముల సంఖ్యయందును కలదు. ఈ దారు లెట్లేర్పడెను, తొలుత శిఖరము చేరినవారు దేనివలన కృతార్థులైరి, వారి వెనుక వచ్చినవారు దేనిని మరచిరి అనునది నేటి ప్రసంగమునకు విషయము.

మొదట పర్వతస్వరూపమును తెలిసికొందము. దీనికి మూడు భాగములు కలవు. పడమట షీరా, నడుమ కిబో, తూర్పున మవెంజి. షీరా మిక్కిలి ప్రాచీనము. అది కూలిపోయి, నేడు సుమారు 3,800 మీటర్ల యెత్తున నొక విశాలమైన పీఠభూమిగా మిగిలియున్నది. మవెంజి 5,149 మీటర్ల యెత్తున రంపపు పండ్లవంటి రాతికొనలతో నిలిచియున్నది. ఆరితేరిన పర్వతారోహకులు తప్ప నితరులు దాని నెక్కలేరు. కిబో గుండ్రని గుమ్మటమువంటిది. దాని నెత్తిన అగ్నిబిలమును, ఆ బిలముయొక్క దక్షిణపుటంచున సర్వోన్నతస్థానమును ఉన్నవి. కిబోకును మవెంజికిని నడుమ చెట్టుచేమలు లేని యొక బయలు కలదు. గుఱ్ఱపు జీనువలె వంగియుండుటచే దానిని జీను అని వ్యవహరింతురు. ముందు చెప్పబోవు కథయంతయు ఈ నాలుగు తావుల చుట్టును తిరుగును.

పర్వతపు దక్షిణపు వాలులలోను, తూర్పు వాలులలోను చగ్గా యను జాతివారు నివసించుచున్నారు. వీరు వ్యవసాయమున ఆరితేరినవారు. అరటితోటలును, వాని నీడను కాఫీతోటలును వీరి జీవనాధారము. కొండవాగుల పైభాగమున చిన్న కట్టలు కట్టి, వాలువెంబడి కాలువలు త్రవ్వి, మైళ్లదూరము నీటిని మళ్లించి తోటలకు పారించు విద్య ఐరోపావారు రాకమునుపే వీరికి తెలియును. ఒక్కొక్క కాలువ క్రింద సాగుచేయువారందరు కలసి ఏటేట పూడిక తీయుట, వంతులవారీగా నీరు పంచుకొనుట వీరి యాచారము. చెరువుక్రింద సాగుచేసి, తూములదగ్గర వంతులు చూచుకొనిన మన రైతులకు ఈ పద్ధతి క్రొత్త గాదు. ఈ చగ్గావారి గ్రామముల పేళ్లే నేడు పర్వతమార్గములకు పేళ్లైనవి: మరంగు, మచామె, ఉంబ్వె, మ్వేకా. ఏ గ్రామమునుండి పైకి పోవుదురో ఆ గ్రామమే దారికి పేరిచ్చినది.

ఐరోపావారిలో ఈ పర్వతముపై మంచును తొలుత చూచినట్లు వ్రాసినవాడు యోహాన్ రెబ్‌మన్ అను జర్మను మతబోధకుడు. అతడు మొంబాసా రేవుసమీపమునుండి కాలినడకను లోపలిభూములకు పోవుచు, 1848 మే 11వ తేదీన దూరమున తెల్లని శిఖరమును గాంచెను. వెంట వచ్చిన మార్గదర్శి యా తెలుపును గూర్చి, అది చలి యని మాత్రము చెప్పెనట. మచామె నేలిన పూర్వపురాజొకడు ఆ తెలుపు వెండియేమో చూచి రమ్మని తనవారిని పంపగా, వారిలో దాదాపందరు నశించిరనియు, మరలివచ్చినవాడు చలిచే చేతులు కాళ్లు చెడి వచ్చెననియు ఒక కథ యా ప్రాంతమున నప్పటికే వ్యాప్తిలో నుండెను. రెబ్‌మన్ దానినిగూడ వ్రాసియుంచెను.

ఈ వార్త 1849లో అచ్చుపడగా లండనులోని విద్వాంసులలో పెద్ద వివాదము పుట్టెను. విలియం డెస్‌బరో కూలే అను భూగోళవేత్త యొకడు, భూమధ్యరేఖ చెంత మంచుండుట యసంభవమనియు, రెబ్‌మన్ చూచినది కంటిభ్రమ యనియు పట్టుపట్టి వాదించెను. అతడు తూర్పుఆఫ్రికాలో నడుగుపెట్టినవాడు గాడు. కన్నులార చూచినవాని మాటకంటె పుస్తకముల నడుమ కూర్చుండినవాని మాటయే కొన్నియేండ్లు చెల్లెను. 1861లో డెకెన్ ప్రభువు థార్న్‌టన్ అను భూగర్భశాస్త్రజ్ఞునితో గూడి వచ్చి, సుమారు 2,500 మీటర్ల దాక నెక్కి, వానలచే మరలిపోయెను. మరుసటి యేట, 1862లో, కెర్‌స్టెన్ అనువానితో మరల వచ్చి సుమారు 4,300 మీటర్ల యెత్తు చేరెను. ఆ రాత్రి వారిచుట్టును మంచు కురిసెను. అంతటితో వివాదము ముగిసినది. 1871లో ఛార్లెస్ న్యూ అను మతబోధకుడు మోషీ గ్రామమునుండి యెక్కి మంచును చేత ముట్టెను. కాని శిఖరము చేరినవాడు లేడయ్యెను.

వీరందరి ప్రయత్నములలో నొక సామాన్యలక్షణము కనుపించును. వీరు గ్రామమునుండి బయలుదేరి, వెంట తెచ్చుకొనిన కొద్ది యాహారముతో, వీలైనంత శీఘ్రముగా పైకి పోవజూచిరి. చలియు, తలనొప్పియు, ఊపిరాడకుండుటయు బాధింపగా, తిండియు తరుగగా, వెనుకకు మరలిరి. మరల ప్రయత్నింపవలెనన్న క్రిందినుండి మొదలుపెట్టవలసివచ్చెను. ఎత్తైన తావున నిలిచి, దేహమునకు విశ్రాంతి యిచ్చి, మరునాడు ముందుకు సాగు సదుపాయ మెవ్వరికిని లేదయ్యెను.

ఈ లోపమును కనిపెట్టినవాడు హాన్స్ మేయర్. ఇతడు జర్మనీలోని లైప్‌చిగు నగరమున పేరొందిన గ్రంథప్రకాశకుల కుటుంబమువాడు. 1887లో ఇతడు తొలిసారి కిబో నెక్కబూని, జీనును దాటి చాల యెత్తువరకు పోయెను. వెంట వచ్చిన మిత్రుడు దారిలోనే డస్సి నిలిచిపోయెను. చివరకు దట్టమైన మంచుగోడ యడ్డుపడగా, దానిని చెక్కు సాధనములు లేక, మేయరుకూడ మరలవలసివచ్చెను. 1888లో బౌమన్ అనువానితో రెండవసారి బయలుదేరెను. అప్పుడు జర్మనులపై తీరప్రాంతమున అబుషిరి నాయకత్వమున తిరుగుబాటు చెలరేగియుండెను. పర్వతము చేరకమునుపే వారిరువురు తిరుగుబాటుదారులచే బంధింపబడి, ధనము చెల్లించి విడుదల పొందిరి.

1889లో మేయర్ మూడవసారి వచ్చెను. ఈ సారి యతని వెంట లుడ్‌విగ్ పుర్ట్‌షెల్లర్ అను ఆస్ట్రియా దేశపు ఉపాధ్యాయు డుండెను; మంచుకొండ లెక్కుటలో ఆ కాలమున నతనికి సాటివారు కొలదిమంది. మేయర్ ఎన్నుకొనిన దారి మరంగు గ్రామమునుండి పైకి పోవునది. ఇందులకు రెండు హేతువులు కలవు. మరంగు నేలు మరెయాలె యను నాయకుడు అతనికి మిత్రుడు. కూలీలను, ఆహారమును సమకూర్చగలవాడు. రెండవది, ఆ వైపున అడవి దాటినపిమ్మట జీనువరకు నేల మెల్లమెల్లగా లేచును. పెద్ద లోయలు గాని నిట్రమైన రాతిగోడలు గాని యడ్డుపడవు.

అయితే యతని విజయమునకు దారియొక్కటియే చాలలేదు. అతడు దారిపొడవున స్థావరములను కల్పించెను. మరంగులో నొక మూలస్థావరము, అడవిపైయంచున రెండవది, జీనుసమీపమున 4,300 మీటర్లకు పైగా మూడవది. క్రిందిస్థావరములనుండి కూలీలు కొన్నిదినముల కొకసారి ఆహారమును, వంటచెఱకును పైకి మోసికొనివచ్చి యిచ్చి పోవుచుండిరి. దీనివలన పైనున్నవారు ఆకలిచే క్రిందికి దిగవలసిన పని లేకపోయెను. ఒకనాడు ఓడినను మరునాడు విశ్రమించి, మూడవనాడు మరల ప్రయత్నింప వీలయ్యెను. పర్వతముపై వారు రెండువారములకు పైగా నిలిచిరి. ఎత్తైన తావున నిన్నిదినములు నివసించుటవలన దేహము పలుచని గాలికి అలవడునన్న విషయము నేటి వైద్యులకు విశదము.

అక్టోబరు 3వ తేదీన తెల్లవారుటకు చాల ముందుగా మేయరును పుర్ట్‌షెల్లరును పైస్థావరమునుండి బయలుదేరిరి. మంచువాలు చేరినపిమ్మట గొడ్డలితో నొక్కొక్క మెట్టు చెక్కుకొనుచు పైకి సాగిరి. మధ్యాహ్నము దాటినపిదప బిలపుటంచు చేరి లోనికి తొంగిచూచిరి. అప్పుడు వారికి సర్వోన్నతస్థానము ఆ యంచుమీదనే, కాని యింకను దూరమున, దక్షిణపువైపున కనుపించెను. అక్కడివరకు పోయినచో చీకటిపడకమున్ను మరలివచ్చుట దుర్ఘటము. శిఖరము కంటికి కనుపించుచుండగా వారు వెనుదిరిగిరి. ఆ నిర్ణయమే వారిని కాపాడినది. పైస్థావరమున తిండియుండెను, పడకయుండెను, చెక్కిన మెట్లు చెక్కినట్లే యుండెను. నడుమ విశ్రమించి, 5వ తేదీ రాత్రి మరికొంత యెత్తున నొక గుహలో గడపి, 6వ తేదీన తాము చెక్కిన మెట్లవెంబడియే పోయి, ఉదయము పదిన్నర గంటలకు ఆఫ్రికా నెత్తిన నిలిచిరి. ఆనాడు పుర్ట్‌షెల్లరునకు నలువది యేండ్లు నిండిన పుట్టినరోజు. మేయర్ ఆ స్థానమునకు జర్మను చక్రవర్తి పేర కైజర్ విల్‌హెల్మ్ శిఖరమని నామకరణము చేసెను.

చరిత్రగ్రంథములందు ఈ విజయము ఇరువురి పేరనే వ్రాయబడియుండును. కాని పైస్థావరమున వారితో గూడ చలిలో నివసించి, వంటచేసి పెట్టినవాడు మ్వీని అమాని యను పంగానీ గ్రామవాసి. అతడును, మోతలు మోసి దిగిపోవుచుండిన చగ్గావారును లేకున్నచో ఆ స్థావరములు నాలుగుదినములైనను నిలిచెడివి కావు. మరంగులో యోహాని కిన్యాలా లౌవో యను వృద్ధుడొకడు, ఆ యాత్రకు దారిచూపినవాడు తానేయని చెప్పుచుండెను. 1989లో తొలి యారోహణమునకు నూరేండ్లు నిండిన సందర్భమున ఆయన ఘనముగా సన్మానింపబడెను. ఆయన మంచువరకు పోయెనా, శిఖరము దాకనే పోయెనా అను విషయమున భిన్నాభిప్రాయములు కలవు. వ్రాతలో నెక్కనివారి పని పెద్దల నోటిమాటగా మాత్రమే మిగులుట లోకమున సామాన్యము. ఆ మాటను పరీక్షింపవలసినదే. పరీక్షింపకయే త్రోసివేయుట న్యాయము గాదు. రెబ్‌మన్ మాటను లండనువారు త్రోసివేసిన రీతి నింతకుమున్ను చూచితిమి.

ఆ తరువాత ఇరువది సంవత్సరములు సర్వోన్నతస్థానమునకు మరియొకరు చేరలేదు. 1909లో లాంగె, వైగెలె అను నిరువురు రెండవసారి చేరిరి. 1912లో ఓలర్, క్లూటె అనువారు మవెంజి నెక్కుటయేగాక, పడమటివైపునుండి కిబోనుగూడ నెక్కిరి. క్లూటె యా సమయముననే మంచుయొక్క విస్తీర్ణమును కొలిచి పటము గీసెను. దాని ప్రయోజనము ముందు తెలియును. మరంగుదారిలో మొదటి ప్రపంచయుద్ధమునకు పూర్వమే రెండు బసలు కట్టబడెను. ఒకదానికి బిస్మార్కు పేరును, రెండవదానికి కార్ల్ పీటర్సు పేరును పెట్టిరి. ఈ పీటర్సు కిలిమంజారో ప్రాంతమున అధికారిగా నుండి, తన సేవకునొకనిని, ఒక స్త్రీని ఉరితీయించి, ఆ క్రూరకార్యములకు 1897లో ఉద్యోగమునుండి తొలగింపబడినవాడు. అట్టివాని పేర నొక బస యుండి, ఆ బసకు ఆ ప్రాంతపు కూలీలే మోతలు మోయవలసివచ్చినది.

యుద్ధానంతరము దేశము బ్రిటిషువారి పాలనలోనికి వచ్చెను. 1921లో రైల్వే ఇంజనీరగు క్లెమెంట్ గిల్‌మన్ బిలపుటంచు చేరగా ఆ స్థానమునకు గిల్‌మన్ స్థానమని పేరయ్యెను. 1925లో స్టెల్లా లేథమ్ చేరిన మరియొక తావు ఆమె పేర వెలసినది. 1927లో షీలా మెక్‌డొనాల్డ్ సర్వోన్నతస్థానము చేరిన మొదటి స్త్రీ యయ్యెను. 1932లో కిబో పాదమున మూడవ బస యేర్పడెను. 1961 డిసెంబరు 9వ తేదీన టాంగన్యీకా స్వతంత్రము కాగా, నిరెండా యను సైనికోద్యోగి శిఖరముపై జెండాను, వెలుగు కాగడాను నిలిపెను. కైజర్ పేరు పోయి, శిఖరమునకు ఉహురు అను పేరు వచ్చెను. స్వాహిలీ భాషలో ఉహురు అనగా స్వాతంత్ర్యము. బిస్మార్కు బస మందారా బస యయ్యెను. పీటర్సు బస హొరొంబో బస యయ్యెను. మందారా, హొరొంబో యను నిరువురును పూర్వపు చగ్గా నాయకులు.

ఇక దారుల విచారణకు వత్తము. మేయరు నాటినుండి మరంగుదారియే రాజమార్గమైనది. వాలు సుఖముగా నుండును. రాత్రులందు గుడారములు గాక బసలుండును. బసలలో శీతలపానీయములు దొరకుటచే దానికి కోకాకోలా దారి యని పరిహాసనామముకూడ కలిగినది. కాలక్రమమున అది యైదుదినముల యాత్రగా స్థిరపడెను. మొదటిరాత్రి మందారా బసలో, సుమారు 2,700 మీటర్ల యెత్తున. రెండవరాత్రి హొరొంబోలో, సుమారు 3,700 మీటర్లు. మూడవదినము కిబో బస చేరుదురు. అది సుమారు 4,700 మీటర్లు. అచ్చట నాలుగైదుగంటలు పడుకొని, నడురేయి లేచి, చీకటిలో, గడ్డకట్టు చలిలో, గులకరాళ్లు జారు నిట్రమైన వాలుమీద వేయిమీటర్ల యెత్తు నెక్కి, తెల్లవారుసరికి గిల్‌మన్ స్థానము చేరవలెను. అచ్చటినుండి అంచువెంబడి మరి కొంతసేపు నడచిన ఉహురు శిఖరము.

ఇందలి దోష మెక్కడనున్నదో గమనింపుడు. శిఖరమునొద్ద గాలియొత్తిడి సముద్రతీరమున నుండుదానిలో సుమారు సగము. పీల్చిన ప్రతి శ్వాసలోను ప్రాణవాయువు సగమే లభించును. దేహము దీనికి అలవడగలదు గాని కొన్నిదినములు పట్టును. 3,000 మీటర్లకు పైన, రాత్రి నిద్రించు తావు దినమునకు 500 మీటర్లకంటె మించి పెరుగరాదని వైద్యుల హితవు. ఐదుదినముల మరంగుయాత్రలో నది దినమునకు వేయిమీటర్లు పెరుగుచున్నది, అనగా రెట్టింపు. తలనొప్పి, వాంతులు, నిద్రపట్టకుండుట మొదట కలుగును. లక్ష్యపెట్టక పైకి పోయినచో ఊపిరితిత్తులలో నీరుచేరుట, మెదడు వాచుట సంభవించి, కొన్నిగంటలలో ప్రాణము పోవచ్చును. దానికి ప్రధానచికిత్స వెంటనే క్రిందికి దించుట. బలమును బట్టి, వయస్సును బట్టి ఈ రోగ మెవరికి వచ్చునో ముందుగా చెప్పుట సాధ్యము గాదు. యువకులు వేగముగా నడచుటచే తరచుగా వారికే వచ్చుచుండును.

మేయర్ నడచిన దారి యిదియే. కాని యతడు పర్వతముపై రెండువారములకు పైగా నిలిచెను. తరువాతివారు దారిని స్వీకరించి, దినములను విడిచిపెట్టిరి. జాతీయోద్యానవనమున నడుగుపెట్టిన ప్రతిదినమునకు రుసుము చెల్లింపవలసియుండుటచే, ఒక దినము తగ్గిన కొంత ధనము మిగులును. ఈ మిగులు నాశించియే అనేకులు చిన్నయాత్ర నెన్నుకొందురు. మరంగులోనే హొరొంబో బసలో నొకదినము విశ్రమించి ఆరుదినములలో పోవువారికి మేలు కలుగుచున్నది. సులభమని పేరుపడిన దారియే కష్టమునకు మూలమగుటకు కారణ మిదియే.

ఇతరమార్గములలో మచామెదారి నేడు మిక్కిలి ప్రసిద్ధము. ఇది నైరుతివైపున వానలతో తడియు దట్టమైన అడవిగుండ పోవును. దీనికి విస్కీదారి యని పరిహాసనామము. మరంగుకంటె ఘాటైనదని భావము. ఎత్తుపల్లము లెక్కువ, బసలు లేవు, గుడారములే గతి. అయినను దీనియందొక గుణము కలదు. షీరా పీఠభూమిమీద సుమారు 3,800 మీటర్ల యెత్తున నిద్రించినవారు మరునాడు లావా బురుజు అను రాతిస్తంభమువరకు, 4,600 మీటర్లకు పైగా, ఎక్కి, ఆ సాయంకాలమే బరాంకో లోయలోనికి, సుమారు 3,950 మీటర్లకు, దిగుదురు. పగలు ఎత్తునకు పోయి రాత్రి పల్లమున నిద్రించుటచే దేహము పలుచని గాలిని రుచిచూచి, విశ్రాంతియు పొందును. మరునాడు బరాంకో గోడ యను రాతివాలును చేతులు పట్టుకొని ప్రాకి, కరంగా లోయ దాటి, బరాఫు అను తుదిస్థావరము చేరుదురు. బరాఫు అనగా మంచుగడ్డ. శిఖరమునుండి దిగునపుడు మ్వేకాదారిని వత్తురు. ఆ దారి దిగుటకే నియమింపబడినది. కష్టమైనదని పేరుపడిన యీ దారిలో, ఏడుదినములు తీసికొనినచో, దేహమునకు కలుగు బాధ తక్కువ.

లెమోషోదారి పడమటనుండి బయలుదేరి, షీరా పీఠభూమిని పొడవున దాటి, మచామెదారిలో కలియును. ఏడెనిమిది దినములు పట్టును గావున దేహము చక్కగా నలవడును. రోంగైదారి ఉత్తరమున కెన్యా సరిహద్దు చెంత మొదలగును. సముద్రమునుండి వచ్చు మేఘములు దక్షిణపు వాలులమీదనే కురియుటచే ఉత్తరభాగము పొడిగా నుండును. వానకాలమున వెళ్లక తప్పనివారికి నది మేలు. ఉంబ్వెదారి మిక్కిలి నిట్రము, మిక్కిలి చిన్నది; అలవాటు లేనివారికి తగదు. పడమటి చీలిక యనబడు మరియొక మార్గము లావా బురుజునుండి నేరుగా బిలములోనికి పోవును. 2006 జనవరి 4వ తేదీన అచ్చట రాళ్లు దొర్లిపడి ముగ్గురు అమెరికావారు మరణించిరి. అటుపిమ్మట కొంతకాలము దానిని మూసివేసిరి. పైన మంచు కరగి, రాళ్లను బిగించి పట్టుకొనియుండు బంధము సడలుటయే అట్టి ప్రమాదములకు హేతువు.

కాలమునుగూడ నెన్నుకొనవలెను. మార్చినుండి మే వరకు పెద్దవానలు, నవంబరు డిసెంబరులందు చిన్నవానలు కురియును. జనవరి, ఫిబ్రవరి మాసములును, జూను మొదలు అక్టోబరువరకును అనుకూలము. ఏ దారిని పోయినను అనుమతి పొందిన మార్గదర్శి వెంటనుండుట విధి. ఆ మార్గదర్శులు పదేపదే పలుకుమాట పోలె పోలె. స్వాహిలీలో అనగా మెల్లమెల్లగా అని యర్థము. పరుగిడువానిని వెనుకకు పిలుచుటయే వారి నిత్యకృత్యము.

దారి నెన్నుకొనునపుడు మోతకూలీలను మరువరాదు. యాత్రికుడొక్కనికి ఇద్దరు ముగ్గురు కూలీలు గుడారము, తిండి, పాత్రలు మోయుదురు. మనిషికి 20 కిలోలకు మించి మోపరాదని నియమము కలదు. అది యన్నిచోట్ల పాటింపబడదు. చవకగా కొనిపోవుదుమను వర్తకులు చాలమంది ఈ కూలీల కూలిలోను, తిండిలోను, కప్పుకొను గుడ్డలోను తగ్గించి యా చవకను సాధింతురు. 2003లో వీరి హితము కొరకు ప్రత్యేకముగా నొక సంస్థ యేర్పడెను. కూలి సరిగా ముట్టుచున్నదా యని విచారించుట యాత్రికుని ధర్మము. మేయరును నిలిపినది పైకి చేరిన మోత. మోసినవాడు చలికి కూలిపోయినచో పైనున్నవాని గతి యేమి?

మన తెలుగునాటి బిడ్డయు ఈ శిఖరము నెక్కియున్నది. నిజామాబాదు జిల్లాకు చెందిన గిరిజనబాలిక మాలావత్ పూర్ణ పదుమూడేండ్ల వయస్సున 2014 మే 25వ తేదీన ఎవరెస్టు శిఖరము నెక్కి, 2016లో కిలిమంజారో శిఖరమును చేరెను. ఎవరెస్టునకు పోవుటకు ముందు ఆమె భువనగిరి బండమీదను, పిమ్మట డార్జిలింగు మొదలగు హిమాలయప్రాంతములందును మాసములతరబడి శిక్షణ పొందెను. కూలివాని యింట పుట్టిన బిడ్డ లోకోన్నతశిఖరముల చేరుట మనకు గర్వకారణము. ఆ ఘనతకు వెనుకనున్న యా శిక్షణకాలమునుగూడ చెప్పుకొనిననే ఆ గర్వము సార్థకము.

తుదకొక విచారకరమగు విషయము. మేయర్ 1898లో మరల వచ్చినపుడే మంచు వెనుకకు తగ్గియుండుట గమనించెను. క్లూటె 1912లో గీసిన పటమునుబట్టి అప్పటి మంచు సుమారు 12 చదరపు కిలోమీటర్లు. 2011 నాటికి అది రెండు చదరపు కిలోమీటర్లకు లోపలనే యుండెను. మేయరును పుర్ట్‌షెల్లరును గొడ్డలితో మెట్లు చెక్కుకొనిన చోట నేడు రాళ్లును దుమ్మును మాత్రమే యున్నవి. వారి సాధనములు లేకయే జను లెక్కుచున్నారు. చగ్గావారి కాలువల నీటిలో చాలభాగము మంచునుండి గాక అడవిలో కురియు వానలనుండి, అడవి పట్టియుంచు తేమనుండి లభించును. కావున ఆ రైతులకు మంచుకంటెను అడవియే ప్రాణాధారము. 1973లో ఏర్పడిన జాతీయోద్యానవనము ఆ పర్వతమును కాపాడుటకు నియమింపబడినది. 1987లో నది ప్రపంచవారసత్వస్థలములలో చేర్చబడినది.

ఇంతవరకు చెప్పిన చరిత్రయందు తేలిన సంగతి యిది. డెకెను మొదలు ఎందరో ధైర్యవంతులు తిండియు దినములును చాలక మరలిరి. మేయరు శిఖరము కనుపించుచుండగా వెనుదిరిగియు, నిలుచుటకు తావు, తినుటకు తిండి, వేచియుండుటకు దినములు కలిగియుండుటచే మూడుదినములలో మరల పోయి కృతార్థుడయ్యెను. నేడు మన గ్రామములనుండియు యువకులు దూరదేశములకు ఉద్యోగములకై పోయి, అచ్చటినుండి ఇట్టి యాత్రలకు పూనుకొనుచున్నారు. మీ యింటివా డెవడైనను కిలిమంజారో నెక్కబోవుచున్నానని జాబు వ్రాసిన యెడల, వలదని భయపెట్ట నక్కరలేదు. ఎన్నిదినములలో ఎక్కదలచితివి, తలనొప్పి తగ్గకున్న దిగివచ్చుటకు సమ్మతింతువా, నీ మోత మోయువారికి కూలియు కంబళియు సరిగా ముట్టునా యని మూడుమాటలు అడుగవలెను. ఐదుదినములని వ్రాసినచో ఇంకను రెండుదినములు చేర్చుకొమ్మని చెప్పవలెను. ఆ రెండుదినముల రుసుము ఇంటినుండి పంపవలసివచ్చినను అది వృథావ్యయము గాదు.